గోడ కూలకముందే ఇటుక మొదలు

ఆగిరిపల్లిలో మీ నాన్నగారు కట్టిన పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకుందామనుకున్నారు. ముహూర్తం పెట్టించారు. జేసీబీ మాట్లాడారు. పొద్దున ఎనిమిదింటికి వస్తుంది, భోజనాల వేళకు ఇల్లుండదు. సాయంత్రానికి మీ ముందు ఒక గుట్ట మిగులుతుంది. ఇటుక ముక్కలు, సున్నం పెళ్లలు, విరిగిన పెంకులు, మట్టి, మేకులు, వైర్లు, పగిలిన కమోడు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అప్పుడు మీరు ట్రాక్టరు అబ్బాయికి ఫోన్ చేసి అడిగే మాట ఒకటే: "ఈ రబ్బీసు ఎక్కడ పోద్దాం తమ్ముడూ?"

ఎక్కడ పోస్తారు? చెరువులో పోస్తే నీళ్లు నిలిచే చోటు తగ్గుతుంది, తర్వాతి వానకు ఆ నీళ్లు మన వీధిలోకే వస్తాయి. రోడ్డు పక్కన పోస్తే రాత్రిపూట బండి మీద వచ్చేవాడికి ప్రమాదం. "మన మామిడి తోటలో గుంట ఉందిగా, అందులో పోద్దాం" అనే ఆలోచన ఆగిరిపల్లి, నూజివీడు వైపు చాలామందికి వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. రబ్బీసులో సున్నం, సిమెంటు ఉంటాయి. అవి వానకు నానుతూ నేలలోకి దిగితే నేలకు క్షారగుణం పెరుగుతుంది. అలాంటి నేలలో మామిడి వేరుకు ఇనుము సరిగా అందదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరుగుతుంది. తాతల నాటి రసం చెట్టు మొదట్లో నాలుగు ట్రక్కుల రబ్బీసు పోసి, తర్వాత మందుల కొట్టు చుట్టూ తిరగడం ఎందుకు?

ఆ గుట్టలో చాలా భాగం మళ్లీ ఇటుక అవుతుంది. మీ ప్రహరీ గోడకు, మోటారు షెడ్డుకు, పశువుల కొట్టానికి పనికొస్తుంది. ఎలాగో చూద్దాం.

"రబ్బీసుతో ఇటుకా? నిలబడుతుందా?"

ఈ అనుమానం రావడం సహజం. ఒకప్పుడు "బూడిదతో ఇల్లా?" అని కూడా ఇలాగే అడిగారు. విశాఖపట్నంలో భానుమతిదాస్, కాళిదాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు థర్మల్ కేంద్రాల బూడిదలో సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చే పని లేకుండా గట్టిపడే ఫాల్-జి ఇటుకను తయారుచేశారు. ఇవాళ బూడిద ఇటుకను మన మేస్త్రీలెవరూ వింతగా చూడరు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద ఎన్ని ఇళ్ల గోడల్లో ఉందో మీ మేస్త్రీనే అడగండి.

రబ్బీసు సంగతీ అంతే. ఢిల్లీలో బురారి దగ్గర 2009లోనే దీనికి ప్లాంటు పెట్టారు. 2019లో ప్రారంభమైన సుప్రీంకోర్టు అదనపు భవనాల్లో రబ్బీసు నుంచి చేసిన ఇటుకలు లక్షల సంఖ్యలో వాడారు. మన హైదరాబాదులో జీడిమెట్ల ప్లాంటు 2020 నవంబరులో మొదలైంది, రోజుకు 500 టన్నులు ఆడించగలదు. తర్వాత ఫతుల్లగూడలో ఇంకొకటి వచ్చింది. అక్కడ రబ్బీసును ఏరి, నలగ్గొట్టి, కడిగి, జల్లించి ఇసుకగా, కంకరగా వేరుచేస్తారు. దాంతో ఇటుకలు, నడవ పలకలు చేస్తారు.

మీకు ఆ యంత్రాలు లేవు. కానీ వాళ్లకు లేని వీలు ఒకటి మీకుంది. వాళ్ల దగ్గరికి రబ్బీసు అంతా కలిసిపోయే వస్తుంది. మీ ఇల్లు ఇంకా నిలబడే ఉంది. ఏ గోడలో ఏముందో మీకు తెలుసు. ఈ అధ్యాయంలో మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: ఇటుక బాగా వస్తుందా రాదా అన్నది కలిపే రోజు తేలేది కాదు, కూల్చే రోజే తేలిపోతుంది.

1. జేసీబీని ఒక వారం వెనక్కి జరపండి

"గంటల్లో అయిపోయే పనికి వారమెందుకండీ?" అంటాడు జేసీబీ ఆయన. అతని దృష్టిలో అది నిజమే. గంటల లెక్కన డబ్బు తీసుకునేవాడికి గోడ, తలుపు, వైరు అన్నీ ఒకటే. కానీ కలిపేయడానికి అతనికి రెండు నిమిషాలు పడితే, విడదీయడానికి మీకు నెల పడుతుంది. నిజానికి ఆ తర్వాత ఎవరూ విడదీయరు.

ఇల్లు కట్టిన వరసకు ఎదురు వరసలో విప్పండి. ముందు కరెంటు లైను కట్ చేయించి వైర్లు, స్విచ్చి బోర్డులు. తర్వాత కుళాయిలు, పైపులు. తర్వాత తలుపులు, కిటికీలు, ద్వారబంధాలు. తర్వాత పెంకులు, వాసాలు, దూలాలు. బెంగుళూరు పెంకు పగలకుండా దింపితే కొనేవాళ్లున్నారు, టేకు దూలం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ పనంతా నలుగురు మనుషులు చేతులతో చేయాలి. చివరికి వట్టి గోడలు మిగిలాక జేసీబీని పిలవండి. అప్పుడది గంటలో పోతుంది.

మీ ఇంటి మీద పాత సిమెంటు రేకులున్నాయా? అయితే ఆగండి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగిలితే లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. నీళ్లతో బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దింపించండి. పైనుంచి విసరనివ్వకండి. ఆ ముక్క ఒక్కటి కూడా మన ఇటుకలోకి రాకూడదు.

2. నాలుగు గుట్టలు, పక్కన ఐదోది

దొడ్లో సున్నంతో గీతలు గీయండి. ఒకచోట కాంక్రీటు ముక్కలు. ఒకచోట ఇటుక, గోడ సున్నం, సిమెంటు పెళ్లలు. ఒకచోట మట్టి. ఒకచోట ఇనుము, చెక్క, ప్లాస్టిక్కు. ఈ నాలుగు నేను కనిపెట్టినవి కావు. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల మీద 2016లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఉన్నవే. రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటే పెద్ద పనివాళ్లు ఇలా విడదీసి తీరాలని ఆ నిబంధనలు చెప్పాయి. మీ ఇల్లు ఆ లెక్కకు రాదు. అయినా ఇంతకన్నా తేలికైన పద్ధతి లేదు.

ఐదోది ముట్టకూడని గుట్ట. సీలింగుకు వేసిన పీవోపీ, గాజు, పెయింటు డబ్బాలు, ట్యూబులైట్లు, మరుగుదొడ్డి సామాను ఇందులో పడాలి.

వీటిలో జనం ఎక్కువగా పొరపడేది పీవోపీ దగ్గర. "తెల్లగా సున్నంలాగే ఉందిగా, పోనీలే" అనుకుంటారు. అది జిప్సం. సిమెంటుతో కలిసి తడి తగిలినప్పుడల్లా లోపల మెల్లగా ఉబ్బుతుంది. ఆరు నెలలకో ఏడాదికో ఇటుక వెంట్రుక మందాన పగుళ్లు ఇస్తుంది. మరి ఫాల్-జి ఇటుకలో జిప్సం వేస్తారు కదా? వేస్తారు, కొలిచి వేస్తారు, బూడిదకూ సున్నానికీ సరిపోయేంతే వేస్తారు. మీ గుట్టలో అది ఎంత పడిందో ఎవరికీ తెలియదు.

మట్టి గోడలుంటే ఆ మట్టిని బేస్‌మెంటు నింపడానికి ఉంచుకోండి. సిమెంటు ఇటుకలో మాత్రం మట్టి కలవకూడదు. బంక మట్టి సిమెంటును రాయికి అంటుకోనివ్వదు.

3. పగలగొట్టే ముందు చేతిలోకి తీసుకోండి

ఇది నాకు చాలా ఇష్టమైన పని, మీకూ నచ్చుతుంది. పాత గోడలోంచి ఒక ఇటుక ఊడదీయండి. దానికి అంటుకున్నది సున్నమా, సిమెంటా? గోటితో గీకండి. సున్నమైతే పొడిగా రాలుతుంది, తాపీ మొనతో నాలుగు దెబ్బలు వేస్తే ఇటుక శుభ్రంగా బయటపడుతుంది. సిమెంటైతే పట్టు వదలదు, వదిలించబోతే ఇటుకే విరుగుతుంది. ఇప్పుడు రెండు ఇటుకల్ని ఒకదానికొకటి తట్టండి. ఖణేల్‌మంటే బాగా కాలిన ఇటుక. డొబ్బుమంటే సగం కాలినదో, లోపల చీలినదో. ఖణేల్‌మన్న ఇటుకను పగలగొట్టడమెందుకు? అలాగే వాడుకోండి. దానికి సిమెంటు ఖర్చు లేదు, అచ్చు ఖర్చు లేదు.

తెల్లటి ఉప్పు పేరిన ఇటుకల్ని మాత్రం పక్కన పెట్టండి. గోడ అడుగున చెమ్మ లాగిన వరసల్లో ఇవి ఉంటాయి. ఆ ఉప్పు కొత్త గోడలోనూ బయటికి పేరి రంగును, పూతను రాల్చేస్తుంది.

ఇటుక పొడి వాడటం మనకు కొత్తేమీ కాదు. సిమెంటు రాకముందు కాల్చిన ఇటుకను దంచి సుర్ఖీ చేసి, సున్నంలో కలిపి గానుగ ఆడించేవారు. ఎద్దులు తిప్పిన ఆ గానుగ సున్నంతో కట్టిన గోడల్ని పడగొట్టడానికి ఇవాళ మనుషులు ఎంత చెమటోడుస్తారో కూల్చినవాళ్లకు తెలుసు. దంచిన ఇటుక సున్నాన్ని గట్టిపరుస్తుందని మన తాపీవాళ్లు చేతి పట్టుతో తెలుసుకున్నారు.

చేతిలోకి తీసుకోమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 18వ శతాబ్దం చివర అమరావతి స్తూపం దిబ్బను ఇళ్లకు రాయి దొరికే చోటుగానే చూశారు. సర్వేయరు కల్నల్ మెకంజీ మొదటిసారి అక్కడికి వెళ్లింది ఆ రోజుల్లోనే. అప్పటికే తవ్వకం సాగుతోంది. శిల్పాలున్న పలకలు కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్నిటిని సున్నానికి కాల్చేశారు. మీ ఇంట్లో అంత గొప్పది ఉండకపోవచ్చు. కానీ గుమ్మం మీది చెక్కడం, గూట్లో దీపం సెమ్మె పెట్టే నల్లరాయి, అమ్మమ్మ రుబ్బిన పొత్రం, ఇవన్నీ రబ్బీసులో పడితే రబ్బీసే. ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి.

4. నలగ్గొట్టడం, జల్లించడం

రెండు దారులున్నాయి. గుట్ట చిన్నదైతే సమ్మెటతో మనుషులే కొడతారు. మూడు నాలుగు ఇళ్లవాళ్లు కలిస్తే చిన్న క్రషర్ అద్దెకు తెచ్చుకోవచ్చు. ఒక్క ఇంటి కోసం యంత్రం కొనే ఆలోచన పెట్టుకోకండి. ఊళ్లో ఈ ఏడాది ఇంకెవరు పాత ఇల్లు తీస్తున్నారో కనుక్కోండి, వాళ్లతో మాట్లాడండి.

కొట్టే ముందు గుట్టను తడపండి. ఇటుక, కాంక్రీటు పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డ కట్టుకుంటే చాలనుకోకండి, కూలీలకు సరైన మాస్కులు కొనివ్వండి. ఇంటి ఖర్చులో అది లెక్కలోకి రాదు.

నలిగినదాని మీద అయస్కాంతం తిప్పండి. పాత స్పీకరులోది పనికొస్తుంది. మేకు ముక్క ఇటుకలో ఉండిపోతే తుప్పు పట్టి ఇటుకను చీలుస్తుంది, పైగా అచ్చు యంత్రం పాడవుతుంది. తర్వాత రెండు జల్లెళ్లు పట్టండి. ఇసుక జల్లెడలోంచి దిగింది ఇసుక బదులు. దాని మీద మిగిలి, 10 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగింది చిప్స్ బదులు. అంతకన్నా పెద్ద ముక్క మళ్లీ సమ్మెట కిందికి.

ఇసుక బదులు వాడే పొడికి సీసా పరీక్ష చేయండి. నిటారు గాజు సీసాలో సగం దాకా పొడి పోసి, ఉప్పు కలిపిన నీళ్లు నిండుగా పోసి, బాగా గిలకొట్టి మూడు గంటలు కదపకుండా ఉంచండి. అడుగున పొడి, దాని మీద బురద పొర తేరుతాయి. పొడి ఎత్తు 10 సెంటీమీటర్లుంటే బురద 8 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే కడగాలి.

5. కలిపే లెక్క

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఇది. సిమెంటు 1 పాలు, పొడి 4 పాళ్లు, చిప్స్ 4 పాళ్లు. ఆ పొడిలో, చిప్స్‌లో సగమే మీ రబ్బీసు, మిగతా సగం క్రషర్ డస్టు, క్రషర్ చిప్స్. మొదటి ఇటుకలు పరీక్షలో నెగ్గాక రబ్బీసు పాలు పెంచండి. కాంక్రీటు ముక్కల నుంచి వచ్చినదైతే ఎక్కువ కలపవచ్చు. ఇటుక ముక్కల నుంచి వచ్చినదైతే జాగ్రత్తగా పోవాలి, అది మెత్తన.

16 అంగుళాల పొడవు, 8 ఎత్తు, 6 మందం ఉన్న ఇటుక అరఘనపుటడుగుకు కాస్త తక్కువ. అచ్చులో గట్టిగా కూరతారు కాబట్టి కలిపిన వదులు సరుకు అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఒక సిమెంటు బస్తాకు ఈ పాళ్లలో సుమారు 16 ఇటుకలు వస్తాయని లెక్క వేసుకోండి.

ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. రబ్బీసును పొడిగా ఉండగానే సిమెంటుతో కలిపేస్తారు. పాత ఇటుక ముక్క దాహం మీదున్న పశువులాంటిది. సిమెంటుకని పోసిన నీళ్లు అదే తాగేస్తుంది. సిమెంటు గట్టిపడటానికి నీళ్లు చాలవు. అందుకని ముందురోజు సాయంత్రమే రబ్బీసును నానబోయండి. పొద్దున నీళ్లు వార్చి, పైన తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు కలపండి.

నీళ్లు ఎంత పోయాలి? పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కండి. వేళ్లు తెరిస్తే ముద్ద విడిపోకూడదు. అరచేతికి తడి తగలాలి, నీళ్లు కారకూడదు.

6. అచ్చు ఎవరు పోస్తారు?

మీ చుట్టుపక్కల సిమెంటు ఇటుకలు పోసే షెడ్డు ఉండే ఉంటుంది. అక్కడికి వెళ్లి సరుకు మాదంటే ఆయన వెంటనే ఒప్పుకోడు.

"మేకులుంటే నా మిషను పోతుందండీ. ఇటుక విరిగితే పేరు నాది పోతుంది."

ఆయన భయం న్యాయమైనదే. ఒక గోనె సంచిలో జల్లించిన సరుకు తీసుకెళ్లి ఆయన ముందు పొయ్యండి. అయస్కాంతం కూడా పట్టుకెళ్లండి. "ముందు ఇరవై పోయండి బాబాయ్, కూలి పూర్తిగా ఇస్తాను, నెల తర్వాత చూసి మాట్లాడుకుందాం" అనండి. ఇరవై ఇటుకలకు కాదనేవాళ్లు తక్కువ.

పోసిన ప్రతి వరసలో ఒక ఇటుక మీద పచ్చిగా ఉండగానే మేకుతో తేదీ గీయండి. ఏ ఇటుక ఎన్ని రోజులు తడిసిందో తర్వాత ఎవరికీ గుర్తుండదు.

7. తడి

కనీసం 14 రోజులు తడుపుతూనే ఉండాలి. నీడలో పేర్చి, వరిగడ్డో గోనె సంచులో కప్పి, అవి ఆరకుండా చూడాలి. ఆ తర్వాత ఇంకో రెండు వారాలు నీడన ఆరనివ్వండి. పచ్చి ఇటుకతో గోడ కడితే అది గోడలో ఆరుతూ ముడుచుకుని, అతుకుల దగ్గర చీలికలిస్తుంది.

అందుకే కాలం చూసుకోండి. మార్చి చివర్లో మామిడి కోతలు మొదలైతే కూలీలు తోటల్లో ఉంటారు, ట్రాక్టర్లు నున్న మామిడి మార్కెట్టు దారిలో ఉంటాయి. రోహిణి కార్తె ఎండకు కప్పిన గోనె గంటలో పెళుసెక్కుతుంది. కార్తీకం వెళ్లాక ఇల్లు విప్పడం మొదలుపెట్టి, రథసప్తమికి జరిగే మన శోభనాచలస్వామి తిరునాళ్ల నాటికి ఇటుకలు పోయడం ముగించుకుంటే మీకు చలికాలపు తడి కలిసొస్తుంది.

8. ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ప్రహరీ, మోటారు షెడ్డు, పశువుల కొట్టం, పిల్లర్లున్న ఇంట్లో గదుల మధ్య అడ్డుగోడలు, తోటలో కాయలు దింపుకునే అరుగు, వీటికి వాడండి. పునాది, పిల్లరు, బీము, శ్లాబు, నీళ్ల తొట్టి, సెప్టిక్ ట్యాంకు జోలికి తీసుకుపోకండి. పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను ఎంత వాడవచ్చో ఐఎస్ 383 ప్రమాణం 2016లో చెప్పింది. మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా, ఎం25 గ్రేడు మించని ఇనుప కాంక్రీటులో 20 శాతం దాకా, బెడ్డు లాంటి తక్కువ బలపు కాంక్రీటులో పూర్తిగా. అది లెక్క తెలిసిన ఇంజనీరు చూసుకోవాల్సిన పని. ఇంటి దగ్గర మనం చేసుకున్న సరుకును శ్లాబులో వేసి ధైర్యం పరీక్షించుకోవద్దు.

మరి డబ్బు మిగులుతుందా? రబ్బీసు తోలించే ట్రక్కుల బాడుగ, కొంత డస్టు, కొంత చిప్స్ ఖర్చు మిగులుతుంది. విప్పడానికి, కొట్టడానికి కూలి పెరుగుతుంది. ఇంట్లో నలుగురు చేయి వేస్తే లాభం, మొత్తం కూలి మీదే నడిపితే సరికి సరి కావచ్చు. మొదటిసారి లాభం ఎక్కువగా ఆశించకండి. శుభ్రం చేసుకున్న పాత ఇటుకలు, అమ్మిన పెంకులు, దూలాలు, ఇనుము, వీటి డబ్బు కూడా ఇదే ఖాతాలో రాయండి. అప్పుడే అసలు లెక్క తెలుస్తుంది.

9. ఇరవై ఇటుకల పరీక్ష

నెల అయింది. షెడ్డు నుంచి ఇరవై తెచ్చుకున్నారు. ఒకదాన్ని మీటరు ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదలండి. మూల లేచినా ఫర్వాలేదు, ముక్కలు కాకూడదు. మూడింటిని బాగా ఎండబెట్టి తూయండి. ఒక పగలు, ఒక రాత్రి నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూయండి. 25 కిలోల ఇటుక రెండున్నర కిలోలకు మించి పెరగకపోతే నిశ్చింతగా బయటి గోడకు వాడండి. అంతకన్నా పెరిగితే లోపలి అడ్డుగోడలకు ఉంచి, రెండు వైపులా పూత వేయించండి. ఐదు కిలోలు దాటితే ఆ కలయిక మార్చాల్సిందే. రబ్బీసు తగ్గించండి, లేదా పొడిని మళ్లీ కడగండి.

ఇంకో ఐదారు ఇటుకల్ని విజయవాడ వైపు సివిల్ ఇంజనీరింగ్ ఉన్న కాలేజీ ల్యాబుకు పంపించి నొక్కించండి. బరువు మోసే గట్టి సిమెంటు ఇటుకకు ఐఎస్ ప్రమాణం అడిగే కనీస బలం చదరపు మిల్లీమీటరుకు 4 న్యూటన్లు. ఆ కాగితం చేతికొచ్చాక దాన్ని షెడ్డు ఆయనకు చూపించండి. రెండో విడత ఎన్ని పోయాలో, కూలి ఎంతో అప్పుడు మాట్లాడుకోండి. దొడ్లో మిగిలిన గుట్ట మీద ఈలోపు పట్టా కప్పి ఉంచండి, వానకు మట్టి కొట్టుకొచ్చి చేరకుండా.